తువ్వాలు వేసిన టెర్మినల్

మా ఊరి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి లోపలికి తువ్వాలు పడుతుంది. తువ్వాలు లేనివాడు జేబురుమాలు వేస్తాడు. అదీ లేనివాడు చేతిసంచి వేస్తాడు. ఒక పెద్దాయన కట్టుడుపళ్ళ డబ్బా వేయడం నేను కళ్ళారా చూశాను. వేశాక ఆయన తీరిగ్గా వెళ్ళి టీ తాగి, తెలిసినవాళ్ళ క్షేమసమాచారాలు కనుక్కుని వచ్చాడు. అంతసేపూ జనం ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ నిలబడ్డారే గాని ఆ డబ్బాను జరిపి కూర్చుందామని ఒక్కడికీ తోచలేదు. మా జిల్లావాళ్ళు దేనికైనా ఎదురుతిరుగుతారు గాని, తువ్వాలుకు తిరగరు.

మా విద్యుత్ సంస్థ సర్కిల్ ఆఫీసులో కంప్యూటరుకు వచ్చిన జబ్బు అర్థం కావాలంటే ముందు ఇది తెలియాలి. అందుకని చెప్పాను.

నేను ఆ ఆఫీసులో కంప్యూటర్ విభాగం ఏఈని. పేరు నరహరి. విభాగమంటే మరేం లేదు, నేనూ, ఒక ఏసీ గదీ, అందులో మా అందరికన్నా సుఖంగా ఉండే ఒక పెద్ద యంత్రమూ. యూనిక్స్ జాతిదని అమ్మినవాడు చెప్పి వెళ్ళాడు. ఎవరి బల్లమీంచి వాళ్ళు ఒక నల్ల కిటికీ తెరిచి దానితో పని చేయించుకోవచ్చు. తెరిచిన ప్రతి కిటికీకీ యంత్రం లోపల ఒక టెర్మినల్ ఇస్తుంది. బస్సులో సీటనుకోండి. పని అయ్యాక సెలవు చెప్పి లేస్తే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. ఒకేసారి ఎన్ని సీట్లు ఇవ్వచ్చో యంత్రంలో ఒకచోట అంకె రాసి ఉంటుంది. మా యంత్రంలో ఆ అంకె నలభై. పెట్టిన రోజున మా ఆఫీసులో కంప్యూటర్ తెలిసినవాళ్ళు పదిమంది కూడా లేరు కాబట్టి, నలభై అంటే ధారాళమే అనుకున్నారు.

దానికి తోడు ఇంకో సదుపాయం కూడా పెట్టారు. మా ఆఫీసులో కరెంటు తరచుగా పోతుంటుంది. కరెంటాఫీసు కదా, అందరికన్నా ముందు మాకే పోతుంది. బల్లమీది కంప్యూటర్ ఆరిపోయినా, మనిషి ఇంటికి పోయినా, లోపల అతని టెర్మినల్ మాత్రం ఎక్కడిదక్కడ బతికే ఉండేలా ఏర్పాటు చేశారు. ఇక మావాళ్ళు లేవడం మానేశారు. పొద్దున్నే వచ్చి ఒక కిటికీ తెరిచి, అంటే తువ్వాలు వేసి, కాంటీనుకు పోయేవారు. ఆ తువ్వాలు ఏళ్ళ తరబడి అక్కడే ఉండేది.

ఒకరోజు పొద్దున బిల్లుల సెక్షన్‌లో ఎవరు కిటికీ తెరిచినా టెర్మినల్ ఖాళీ లేదని జవాబు వచ్చింది. ఆఫీసంతా గగ్గోలెత్తింది. కేబుల్ ఎలక కొరికిందన్నారు. వైరసన్నారు. మా ఆఫీసు పెద్ద ఎస్‌ఈ ముక్తేశ్వరరావు గారు వాస్తు తెలిసిన మనిషి కావడంతో, దక్షిణం చూస్తున్న యంత్రాన్ని తూర్పుకు తిప్పించి కొబ్బరికాయ కొట్టించారు. యంత్రం తూర్పు ముఖంగా కూర్చుని అదే జవాబు చెప్పింది. అప్పుడు నన్ను పిలిచారు.

"ఏమయ్యా నరహరీ, యంత్రానికి ఏమొచ్చింది?"

"యంత్రానికి ఏమీ రాలేదు సార్. సీట్లు నిండిపోయాయి. నలభైలో పని జరుగుతున్నవి అయిదారు ఉంటే ఎక్కువ. తక్కినవన్నీ ఊరికే ఉన్నాయి."

పక్కన ఏఓ హైమావతి గారు కూర్చుని ఉన్నారు. మా ఆఫీసులో నిబంధనలన్నీ ఆవిడ నోట్లోంచే పుట్టి, మళ్ళీ అక్కడికే చేరతాయి. "ఊరికే అనకూడదండీ. ఉపయోగరహిత స్థితియందు కొనసాగుచున్నవి అనాలి," అని సరిదిద్దారు.

"ఆ నలభైని నాలుగు వందలు చేసేస్తాను సార్. ఒక్క నిమిషం పని," అన్నాను.

ఎస్‌ఈ గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "నాలుగు వందలా! ఎవరు మంజూరు చేశారు?"

"మంజూరు అక్కర్లేదు సార్. అది యంత్రంలో ఒక అంకె, అంతే."

"అంకె అంతేనా? మంజూరైన పోస్టులు మాత్రం ఏమిటయ్యా, అంకెలు కావూ? నలభై నడిపేవాణ్ణి ఎస్‌ఈ అంటారు. నాలుగు వందలు నడపాలంటే చీఫ్ ఇంజనీరవ్వాలి. నన్ను చీఫ్‌ని చేస్తావా, చెప్పు, ఇప్పుడే సంతకం పెడతాను."

అది నా చేతిలో లేని పని గనక రెండో దారి చెప్పాను. ఊరికే ఉన్నవాటిని మూసేద్దామన్నాను. బదిలీ అయిపోయినవాళ్ళవి కొన్ని ఉన్నాయి, రిటైరైనవాళ్ళవి కొన్ని. అడిషనల్ డీఈ సోమసుందరం గారిదైతే మరీ అన్యాయం. ఆయన పోయిన ఏడాది ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర కూర్చుని అట్నుంచి అటే వెళ్ళిపోయారు. ఆయన టెర్మినల్ ఇప్పటికీ తెరిచే ఉంది.

హైమావతి గారు నిట్టూర్చారు. "సదరు ఉద్యోగులను సంజాయిషీ కోరకుండా లేపడం సహజ న్యాయసూత్రాలకు విరుద్ధం. ఇక సోమసుందరం గారంటారా, వారు ఛార్జి ఎవరికి అప్పగించారు?"

"ఎవరికీ అప్పగించలేదండీ. చనిపోయారు."

"అదే మరి. రిలీవ్ కాకుండా వెళ్ళిపోయారు. రిలీవ్ కాని అధికారి టెర్మినల్ మీద చెయ్యి వేసే అధికారం మనకెక్కడిది?"

అలా సంజాయిషీ నోటీసులు తయారయ్యాయి. 'మీరు దీర్ఘకాలంగా ఉపయోగరహితులుగా ఉన్నందున మిమ్ములను ఎందుకు మూసివేయరాదో వారం దినములలో తెలుపవలెను' అని. వాటిని నాచేత ఆ టెర్మినళ్ళకే పంపించారు. ఎవరూ చూడని టెర్మినల్‌లో ఎవరూ చదవని నోటీసు పడింది. జవాబు రాలేదు. జవాబు రానందువల్ల విచారణ పెండింగులో ఉందనీ, పెండింగులో ఉన్నవాళ్ళను తీసేయడం చెల్లదనీ హైమావతి గారు తేల్చారు. ఆ పైన ఒక ఉత్తర్వు కూడా వెలువడింది. 'ఇందుమూలముగా యావన్మంది ఉద్యోగులకు తెలియజేయడమేమనగా, ఒకరి టెర్మినల్‌ను మరొక ఉద్యోగి తాకరాదు. తాకినచో క్రమశిక్షణ చర్య తీసుకొనబడును.'

ఆ ఉత్తర్వుతో టెర్మినల్‌కు ఎక్కడలేని హోదా వచ్చేసింది. అంతకు ముందు మా ఆఫీసులో పెద్దరికమంటే కుర్చీ వెనక తెల్ల టర్కీ తువ్వాలు. ఇప్పుడు టెర్మినల్ ఉన్న కంప్యూటరుకు కూడా తువ్వాలు కప్పడం మొదలుపెట్టారు. ఎస్‌ఈ గారికి మూడు టెర్మినళ్ళు ఉండేవి. ఒకటి ఆఫీసుకు, ఒకటి క్యాంపు ఆఫీసుకు, మూడోది ఎప్పుడైనా ఛైర్మన్ గారు వస్తే వారికి. ఛైర్మన్ గారు మా ఊరు ఇంతవరకూ రాలేదు. కొరతపై అధ్యయనానికి 'టెర్మినళ్ల హేతుబద్ధీకరణ కమిటీ' వేశారు. అధ్యయనం చేయాలంటే సభ్యులకు టెర్మినళ్ళు ఉండాలి గదా. ఒక సభ్యుడికి లేకపోతే, "నువ్వు యంత్రం పక్కనే ఉంటావు, నీకెందుకయ్యా?" అని నాది లాక్కున్నారు. నేనేమైనా చిలిపి పని చేస్తానేమోనని, రిపోర్టు వచ్చేదాకా యథాతథ స్థితి అంటూ ఏసీ గదికి తాళం వేసి చెవి కమిటీ కన్వీనర్ గారు మొలతాడుకు కట్టుకున్నారు. కంప్యూటర్ విభాగమంతా అలా వరండాలోకి వచ్చి బెంచీమీద కూర్చుంది.

ఇంతవరకూ నాకు నవ్వులాటగానే ఉండేది. కాలక్షేపానికి పైసా ఖర్చు లేని నాటకం.

ఆ బుధవారం మబ్బు పట్టింది. పెదగరువుకు కరెంటు మోసే ఫీడరు లైను మీద కొమ్మ విరిగిపడితే లైన్‌మన్లు సరఫరా ఆపి బాగుచేశారు. పని పూర్తయి అందరూ స్తంభాలు దిగారు. కాని ఫీడరు మళ్ళీ వేసి కరెంటు ఇవ్వాలంటే సబ్‌స్టేషన్‌కు ఆర్డరు మా కంట్రోల్ రూమునుంచి కంప్యూటర్లో వెళ్ళాలి. ఒకప్పుడు ఫోనులోనే చెప్పేవారు. ఎవరో తొందరపడి చెప్పడంతో స్తంభం మీద ఉన్న మనిషి చెయ్యి కాలింది. అప్పట్నుంచి ఈ నిబంధన. మా ఆఫీసులో ఉన్న మంచి నిబంధన అదొక్కటే.

కంట్రోల్ రూములో ఆపరేటర్ యేసుపాదం గారు. ఆఫీసు మొత్తంలో పని అయ్యాక టెర్మినల్ మూసి లేచే అలవాటు ఉన్నది ఆయన షిఫ్టువాళ్ళకే. ఒకరు లేవగానే ఒకరు కూర్చునేవారు. ఆ రోజు పొద్దున ఒకరు లేవడానికీ ఈయన కూర్చోవడానికీ మధ్య, ఖాళీ అయిన ఆ సీటులో కన్వీనర్ గారు తువ్వాలు వేసేశారు.

మధ్యాహ్నం భోజనాల వేళకు ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. మోకాళ్ళదాకా ఎండిన బురద. పేరు కనకరత్నం. పెదగరువులో చెరువు కౌలుకు తీసుకుని రొయ్యలు వేసింది.

"కరెంటు ఎప్పుడిత్తారండి? పొద్దున్నించీ లేదు. జనరేటరు కూడా పట్టేసిందండి."

"లైను బాగైందమ్మా. ఇచ్చేస్తారు," అన్నాను.

"ఇచ్చేత్తారు ఇచ్చేత్తారంటే ఎలాగండి బాబూ! మబ్బట్టింది, చూడండి. సెరువులో గాలి లేదు. ఏరియేటర్లు తిరక్కపోతే రొయ్యకి ఊపిరాడదండి. అప్పుడే గట్టెంట నాలుగు తేలాయి. సాయంత్రానికి సెరువంతా తేలిపోద్ది. రేపు రొయ్య పట్టుబడి పెట్టుకున్నాను. పోయినేడు తెల్లమచ్చ తెగులొచ్చి పంటంతా పోయింది. ఇదీ పోతే సెరువు ఒగ్గేసి, ఇంకోళ్ళ గట్టుమీద మేత సల్లడానికి కూలికెళ్ళాలండి నేను."

ఏడుస్తూ చెప్పలేదు. ఉన్నమాట చెప్పింది. ఇన్నాళ్ళూ ఈ నాటకాన్ని నవ్వుకుంటూ చూసినందుకు నామీద నాకే కోపం వచ్చింది. ఆవిణ్ణి వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళాను.

"ఒక్కరు లేవండి సార్. యేసుపాదం గారు ఆర్డరు కొట్టి మళ్ళీ మీకే ఇచ్చేస్తారు," అని బల్లబల్లకూ తిరిగి అడిగాను.

"నేను లేచాక వెయిటింగులో ఉన్నవాడు కూర్చుంటే? మళ్ళీ నాకెవరిప్పిస్తారు?" అన్నారు అకౌంట్స్ ఆఫీసరు గారు. ఒక డీఈ గారు నన్ను పక్కకు పిలిచి, తనకు పెళ్ళిసంబంధం నడుస్తోందనీ, టెర్మినల్ ఉన్న ఇంజనీరని అవతలివాళ్ళకు చెప్పారనీ, ఈ నెల దాటితే అభ్యంతరం లేదనీ అన్నారు. కన్వీనర్ గారు నాకేసి జాలిగా చూశారు. "కొరత మీద నివేదిక ఇందులోనే రాస్తున్నానయ్యా. ఇది వదిలేస్తే కొరత గురించి పై అధికారులకు ఎలా తెలుస్తుంది?"

ఎస్‌ఈ గారి గదిలో మూడో టెర్మినల్ జరీ అంచు తువ్వాలు కింద వెలుగుతోంది.

"అదెవరిదండి?" అంది కనకరత్నం.

"ఛైర్మన్ గారిదమ్మా," అన్నారు ఎస్‌ఈ గారు.

"ఇయ్యాల వత్తారా?"

"రారు. కాని వస్తే?"

ఆవిడ బయటికి వచ్చి హాలంతా ఒకసారి చూసింది. కిటికీ పక్కన సోమసుందరం గారి బల్ల ఉంది. కుర్చీకి తువ్వాలు, ఎదురుగా వెలుగుతున్న నల్ల కిటికీ. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది దానంతటదే వెలుగుతుంది; ఆర్పితే తాకినట్టవుతుందని ఎవరూ దాన్ని ఆర్పలేదు. తుడిచే మనిషి కూడా చుట్టుపక్కల తుడిచి వెళ్ళిపోతుంది.

"ఇక్కడెవరూ లేరు గదండి?"

"సోమసుందరం గారిది. ఆయన చనిపోయారమ్మా."

"ఎప్పుడు?"

"పోయిన ఏడాది."

కనకరత్నం నావైపు చూసింది. నాకు మతి ఉందా లేదా అన్నట్టు చూసింది. తరవాత కుర్చీ దగ్గరికి వెళ్ళి, తువ్వాలు తీసి, దులిపి, మర్యాదగా మడతపెట్టి బల్లమీద ఉంచి కూర్చుంది. బస్సులో నేను ఒక్కసారి కూడా చూడని పని అది. హాల్లో అందరూ లేచి నిలబడ్డారు.

హైమావతి గారు పరుగున వచ్చారు. "ఏమిటమ్మా ఇది! నరహరి గారూ, ఉత్తర్వు తెలీదా? ఒకరి టెర్మినల్‌ను మరొక ఉద్యోగి..." అని ఆగిపోయారు.

"మేడం, ఈవిడ ఉద్యోగి కాదు," అన్నాను.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. హైమావతి గారు నిబంధనకు లోబడే మనిషి, అది తనకు ఎదురు తిరిగినా సరే. ఉత్తర్వు తెప్పించి పైనుంచి కిందికి చదివారు. "సదరు ఉత్తర్వు ప్రజలకు వర్తించునట్లు కనబడదు," అని పాలిపోయిన మొహంతో తీర్పు చెప్పారు.

యేసుపాదం గారు ఫోనులో లైన్‌మన్‌ని పేరు పెట్టి పిలిచి అడిగారు. "అందరూ దిగారా? నిచ్చెన తీసేశారా? ఇంకోసారి చూసి చెప్పు." చూసి చెప్పాడు. అప్పుడు నేను చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్క అక్షరమే చెబుతుంటే, కనకరత్నం బురద వేలితో ఒక్కొక్కటే వెతుక్కుని నొక్కింది. చివర పెద్ద మీట చూపించి, "ఇది కూడా," అన్నాను. నొక్కింది.

కాసేపటికి ఆవిడ ఫోను మోగింది. చెరువు దగ్గర ఉన్న మనిషి మాట వినపడలేదు. వెనకాల ఏరియేటర్లు నీళ్ళు కొడుతున్న చప్పుడే వినిపించింది. ఆవిడ ఫోను చెవికి ఆనించుకుని అలాగే వింటూ కూర్చుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇక్కడితో కథ అయిపోవాలి. కాని మాది ఆఫీసు.

మర్నాడు సమావేశం పెట్టారు. యంత్రంలో నమోదైన ప్రకారం బుధవారం నాడు పెదగరువు ఫీడరు వేయమని ఆర్డరు ఇచ్చింది సోమసుందరం గారు. ఆ రోజు నలభై టెర్మినళ్ళలో పని జరిగింది ఆ ఒక్కదాంట్లోనే. కమిటీ దీన్ని లోతుగా పరిశీలించింది. స్వర్గస్థులై కూడా విధినిర్వహణలో అలసత్వం చూపని సోమసుందరం గారికి ప్రశంసాపత్రం ఇవ్వాలని సిఫారసు చేసింది. ఆయన టెర్మినల్‌ను శాశ్వతం చేసింది. కంట్రోల్ రూము టెర్మినల్ లేకుండానే ఫీడరు వేయడం సాధ్యమని రుజువైనందువల్ల ఆ టెర్మినల్‌ను రద్దు చేసింది. కొరత లేదని తేల్చింది. నలభై చాలునంది.

వారం తిరక్కుండా ఇంకో ఫీడరు ఆగింది. లైను బాగైంది, మళ్ళీ వేయాలి. సోమసుందరం గారి టెర్మినల్ తప్ప వేరే దారి లేదు, దాన్ని ఉద్యోగులు తాకరాదు. ఎస్‌ఈ గారు ఆలోచించి కనకరత్నానికి జీపు పంపించారు. ఆవిడ వచ్చి, నొక్కి, టీ తాగి వెళ్ళింది. మరుసటి వారం రెండుసార్లు జీపు వెళ్ళింది. తరవాత రోజూ వెళ్ళేది. కొన్నాళ్ళకు అక్షరాలు నేను చెప్పనక్కర్లేకుండా పోయింది.

"పంట దక్కిందామ్మా?" అని ఒకరోజు అడిగాను.

"ఓ మూల పోయిందండి. మిగతాది దక్కింది. మళ్ళీ రొయ్య పిల్లేశాను," అంది సంతోషంగా.

ఆవిడ సంతోషం చూసి నాకు ధైర్యం వచ్చింది. చుట్టూ ఎవరూ లేకుండా చూసి, గొంతు తగ్గించి చెప్పాను. "అమ్మా, ఇంకో నాలుగు ముక్కలు చెబుతాను, నొక్కండి. నలభై నాలుగు వందలవుతుంది. ఎవరికి కావాలంటే వాళ్ళకు సీటు. యేసుపాదం గారి పని ఆయన చేసుకుంటారు, మీ చెరువు మీరు చూసుకోవచ్చు. నా ఉద్యోగం ఏమైపోయినా సరే."

కనకరత్నం వేళ్ళు మీటల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"వద్దులెండి బాబూ."

"అదేమిటమ్మా?"

"నాలుగొందల మందీ కూకుంటే మా ఫీడరు ముందెవరేత్తారండి? ఇప్పుడైతే పెదగరువు పోయిన ఎంటనే నేనొచ్చేసి ఏసుకుంటన్నాను. ఆ సేపు మిగతావోళ్ళు ఆగుతారు. తప్పా అంటే తప్పేనండి. కానీ ఆ రోజు పొద్దున్నించీ నేనాగలేదా?" అని లేచింది. భుజం మీది ఎర్రగళ్ళ తువ్వాలు తీసి, సోమసుందరం గారి తెల్ల తువ్వాలు మీద పరిచి, టీకి వెళ్ళింది.

నేనింకా అక్కడే నిలబడి ఉన్నాను. ఒక పెద్దాయన మెట్లెక్కి హాల్లోకి వచ్చాడు. మోకాళ్ళదాకా బురద.

"కరెంటెప్పుడిత్తారండి? మాది దిగువపేట ఫీడరండి. రొయ్య తేలిపోతందండి."

నేను కుర్చీ వైపు చూశాను. ఆయనా చూశాడు. వెలుగుతున్న నల్ల కిటికీని చూశాడు, ఖాళీ కుర్చీని చూశాడు. రెండడుగులు ముందుకు వేసి, ఎర్రగళ్ళ తువ్వాలు కనపడగానే ఆగిపోయాడు.

"ఎవరో ఉన్నట్టున్నారండి?"

"టీకి వెళ్ళారు," అన్నాను.

"అలాగాండి," అని ఆయన వరండాలోకి వెళ్ళి నా బెంచీమీద ఓ పక్కగా కూర్చున్నాడు. బయట మబ్బు పట్టి ఉంది.